పీతాంబరం గారికి మూతి ఎందుకు?

అన్నయ్యా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. మరేం రాయాలి? నువ్వు పోయి రెండు వానాకాలాలు దాటిపోయాయి. ఏడుపు కబుర్లు రాయను. ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను.

నీ పీతని దొంగిలించారు.

బడి గోడ పగలగొట్టి బొమ్మని పట్టుకుపోలేదులే. ఫోటో తీసుకున్నారు. తీసుకుని మూతి పెట్టారు. మూతి, అన్నయ్యా! ఎర్రటి పెదాలు, నోటినిండా పళ్ళు... పీతకి!

మొదటినుంచీ చెప్తాను. నువ్వు కామెర్లతో మంచం పట్టినప్పుడే అమలాపురంలో ఫ్లెక్సీ మిషను దిగింది కదా. నువ్వు పోయాక బోర్డు రాయమని మన గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. నీ కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి అటకెక్కించి, వెళ్ళి ఆ ఫ్లెక్సీ షాపులోనే చేరాను. కోపమొచ్చిందా? రానీ. అమ్మా నేనూ అన్నం తినాలి కదా. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. కుర్రాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు కుర్చీలో కూర్చున్నాను, అంతే. నువ్వు మాత్రం ఏ బడిలో నేర్చుకున్నావు?

బొమ్మలు ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే "మా కువైట్ అత్తండీ" అనేవాడివి. నవ్వేవారు. నిజమే కదా! అత్త కువైట్‌లో వంట చేసిన ఇంట్లో పిల్లలు చూసి చూసి పారేసిన కార్టూన్ క్యాసెట్లు, పాత వీసీఆర్‌తో పాటు అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది. కొన్ని రంగులవి. కొన్ని మన తాతల కాలం నాటి నలుపు తెలుపువి. అందులో మాటలు అరబ్బో ఇంగ్లీషో, మనకి ఒక్క ముక్క రాదు. అయినా ఎవడు అమాయకుడో, ఎవడు టక్కరివాడో, ఎవడికి ఆకలేస్తోందో మనిషి తెర మీదకి రాగానే తెలిసిపోయేది. "మాట లేకుండా ఎలా తెలుస్తందే?" అని కంచం ముందు పెట్టుకుని ఆలోచించేవాడివి. అన్నం చల్లారిపోయేది.

టీవీ అద్దం మీద బటర్ పేపరు పెడితే దానంతటదే అతుక్కునేది. నీ చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. నేను వీసీఆర్ ఆపడం, వణుకుతున్న ఆ బొమ్మ మీద నువ్వు పెన్సిలు తిప్పడం. అదే మన కాలేజీ.

"ఒసేయ్ దుర్గా, వీళ్ళందరూ చేతులకి తెల్ల తొడుగులేసుకుని తిరుగుతారేంటే? పెళ్ళికెళ్తన్నారా?"

వారం రోజులు అదే గొడవ. తర్వాత ఒకరోజు ఏదో బోర్డుకి నల్ల రంగు పూస్తూ పూస్తూ ఆగిపోయావు. "నల్లటి ఒంటి ముందు నల్లటి చెయ్యి ఊగితే ఎవడిక్కనపడుద్దే? అందుకని తొడిగేరు!" అని రంగు చెయ్యి అలాగే లుంగీకి తుడుచుకున్నావు. ఆ లుంగీకి అమ్మ ఎంత తిట్టిందో...

ఆ కార్టూన్ల చేతికి నాలుగే వేళ్ళు ఎందుకో కూడా నువ్వే చెప్పావు. "అంత బుల్లి చేతికి ఐదోది కూడా పెట్టేవనుకో, అరటిపళ్ళ అత్తంలా ఉంటది. పైగా ఎన్ని వేల బొమ్మలు గియ్యాలి వాళ్ళు? వేలు తగ్గితే పని తగ్గినట్టేగా." మోచేతులు లేని ఆ రబ్బరు గొట్టం చేతులూ అంతేనన్నావు. ఒళ్ళంతా సున్నాలే ఎందుకంటే, సున్నా ఎవడు చుట్టినా సున్నాయే, పదిమంది కూర్చుని గీసినా ఒకడే మనిషి వస్తాడన్నావు. ఇవన్నీ ఆ గీసినవాళ్ళెవరో మనకి చెప్పలేదు. తప్పో ఒప్పో, మనమే తవ్వి తీసుకున్నాం.

బొమ్మ గీసి, లోపలంతా నల్లగా పూసేసి "ఇప్పుడు చెప్పు, వీడెవడు?" అనేవాడివి. నేను పోల్చుకుంటే ఆ బొమ్మ బతికేది. లేకపోతే పొయ్యిలోకే.

ఇక కొత్తపేట బడి గోడ మీద వేసిన మూడు ముక్కుల కుక్క... దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. పరిగెడుతున్న కుక్క కావాలన్నారు బడివాళ్ళు. పరుగు మధ్యలో క్యాసెట్ ఆపాం. ఆ ఒక్క బొమ్మలో కుక్కకి మూడు ముక్కులు, కళ్ళు నాలుగైదు, కాళ్ళు లెక్కే లేదు. ఫారిన్ కుక్కలు ఇలాగే గీస్తారు కాబోలనుకుని ఉన్నదున్నట్టు నిలువెత్తున గోడకెక్కించేశావు! బడికి వచ్చేపోయే పిల్లలు పడీ పడీ నవ్వారు. బడి పెద్దాయన తల పట్టుకుని, "శీనూ, కుక్కనడిగితే రావణాసురుణ్ణి దింపేవేంటయ్యా?" అన్నారు.

ఇంటికొచ్చి ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పాం. ఆపితే మూడు ముక్కులు. వదిలితే ఒకటే. ఆపితే మూడు, వదిలితే ఒకటి. ఒక్కసారిగా లేచి కేక పెట్టావు. "అది కుక్క కాదే... పరుగు! పరుగుని గీసేరే ఈళ్ళు!"

ఆ కేక నా చెవిలో ఇంకా ఉంది.

ఆ తర్వాతే కదా పీతాంబరం గారు పుట్టారు. ఉప్పలగుప్తం అవతల సముద్రం ఒడ్డున ఇసకలో ఎర్రపీతల్ని చూసొచ్చి, ఆ సాయంత్రమే గీశావు. ఒక సున్నా ఒళ్ళు. రెండు కాడలు, కాడల మీద రెండు కళ్ళు. ఒక డెక్క చిన్నది, ఒకటి ఒంటికంటే పెద్దది. పేరు చివర గారు ఎందుకురా అని అమ్మ అడిగితే "మన వైపు పుట్టేక పీతకైనా గారుండాలమ్మా" అన్నావు. మూతి ఏదీ అని నేనడిగాను. ఏమన్నావో గుర్తుందా? "మూతెందుకే? ఆ కళ్ళు చూడు. కాడ వాలితే దిగులు, నిలబడితే కోపం, రెండూ చెరోవైపు తిరిగితే అబద్ధమాడతన్నాడు. ఇంకా మూతి కూడా పెడితే ఆ కళ్ళనెవడు చూస్తాడు?"

ఆ మూడు ముక్కుల కుక్క మీద సున్నం కొట్టి, అదే గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా పీతాంబరం గారిని అడ్డంగా నడిపించావు. ఒక్కో బొమ్మకి కాస్త కాస్త కాలు మారుతూ. సైకిలు మీద పోతూ చూస్తే వాడు నిజంగా నడిచేవాడు. నాకైతే నడిచేవాడు. లోకమంతా ముందుకి పోతుంటే వీడొక్కడు పక్కకి పోవడం, అదీ అంత దర్జాగా పోవడం... అందుకే కదా పిల్లలు వాడి వెనకే గోడ వెంట అడ్డంగా నడుచుకుంటూ బడికి వెళ్ళేవారు!

ఇప్పుడు దొంగతనం సంగతి.

మా ఫ్లెక్సీ ఓనరు గారు ఒకరోజు పిలిచి, "దుర్గమ్మా, కొత్తపేట బడి గోడ మీద పీతుంది చూసేవా? ఉప్పలగుప్తంలో రొయ్యల మేత కొట్టు సూరిబాబు గారికి తన కొట్టు గుర్తుగా అదే కావాలంట. ఫోటో తెచ్చేను. కంప్యూటర్లోకెక్కించి కాస్త నవ్వించమ్మా" అన్నారు.

"వాడికి మూతి లేదండీ" అన్నాను.

"అదేనమ్మా నేననేది. లేకపోతే పెట్టు. చేతులు కూడా పెట్టి, ఐదేసి వేళ్ళెయ్యి. నిండుగా ఉంటాది."

"అది మా అన్నయ్య బొమ్మండీ."

"ఆయ్, తెలుసమ్మా. మంచోడు, పాపం. అయితే రిజిస్ట్రేషనేమన్నా చేయించేడా? గోడకి ఓనరుంటాడు గానీ, గోడ మీద బొమ్మకి ఓనరెవరమ్మా?"

ఎంత మర్యాదగా అన్నాడో చూడు! తిట్టినా బాగుండేది. నేను చెయ్యనన్నాను. ఆయన ఆ ఫోటో తీసుకుని పక్క సీట్లో ఉన్నవాడితో చేయించేశాడు. కింద "డిజైన్" అని షాపు పేరు వేసుకున్నాడు.

సరే, నీ గోడ ఉందిలే అనుకున్నాను. ఈ వేసవి సెలవుల్లో బడివాళ్ళు గోడంతా సున్నం కొట్టించేశారు. దాని మీద కూడా ఫ్లెక్సీలే కట్టారు. అంటే ఏంటన్నమాట? ఇక లోకంలో మిగిలిన పీతాంబరం మేత కొట్టు మీదున్న ఆ పళ్ళవాడేనా? రేపు పుట్టే పిల్లలకి వాడే అసలువాడా? అది తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. మర్నాడు షాపుకెళ్ళి, మానేస్తున్నానని చెప్పి వచ్చేశాను.

అమ్మ లబోదిబోమంది. నీ కుంచెలు అటక మీంచి దింపుతుంటే, "ఆడపిల్లవి, బజార్లో నిచ్చెనెక్కి నిలబడితే జనం ఏమనుకుంటారే?" అంది. పెయింటర్ అనుకుంటారమ్మా అన్నాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నీ పాత చొక్కా ఒకటి, రంగులు అంటుకున్నది, తీసి నా మీదకి విసిరింది. "మంచి బట్టలు పాడు చేసుకోకు" అంది.  నేను ఆ చొక్కా తొడుక్కున్నాను.

సూరిబాబు గారి కొట్టుకి వెళ్ళాను. పైన ఆ ఫ్లెక్సీ... పెదాలు, పళ్ళు, ఐదు వేళ్ళు, బుగ్గ మీద మెరుపు కూడా పెట్టారు. అరటి అత్తాలు రెండు తగిలించుకున్న బూరెలా ఉన్నాడు. ఆ పీత మా అన్నయ్యదండీ, వాడికి మూతి లేదండీ, నేను సరిగా వేసిస్తానండీ అన్నాను.

"నవ్వకపోతే కోపంగా ఉన్నట్టుంటాడేమోనమ్మా" అన్నారాయన.

"కోపమేనండీ. నవ్వే పీతనెక్కడైనా చూసేరా మీరు?"

"చూళ్ళేదనుకో..."

"మరి మీక్కావల్సింది పీతా, పళ్ళపొడి ప్రకటనా?"

మేత బస్తా మీద కూర్చున్న ఒక చెరువు రైతు ఫక్కుమన్నాడు. సూరిబాబు గారు నవ్వలేదు. "నోరు గట్టిదే నీది. సరే, ఆదివారం కొట్టు మూస్తాం. ఆ చివరి షట్టరు మీద వెయ్యి. బాలేదా, రంగు పులిమించేస్తాను" అన్నారు.

"బాలేకపోతే నేనే పులిమేస్తానండీ" అన్నాను. అన్నానే గానీ, నువ్వు లేకుండా కుంచె పట్టడం అదే మొదలు. నీకు తప్ప ఎవరికి చెప్తాను?

ఆదివారం నిచ్చెనెక్కాను. ఫోటో ఏదీ చూడలేదు. కళ్ళు మూసుకుంటే వాడు వస్తాడు కదా. సున్నా చుట్టాను. డెక్కలు వేశాను. కాళ్ళు వేశాను. కాడలు నువ్వు గీసినంత సన్నగా, ఒక్క గీతలో లాగాను. కళ్ళు పెట్టాను. దిగి రోడ్డు అవతలికి వెళ్ళి చూశాను.

కాడలు లేవు!

షట్టరు రేకు మెట్లు మెట్లుగా ఉంటుంది కదా. సన్నటి గీత ఆ మడతల్లో పడి మాయమైపోయింది. రెండు కళ్ళు గాల్లో గుడ్లలా తేలుతున్నాయి. పీత లేదు, కోపమూ లేదు. దిష్టిబొమ్మ కూడా నయం.

ఏం చెయ్యాలి? నీ గీత మార్చొద్దనే కదా నేను ఉద్యోగం వదిలేసి వచ్చింది! నిచ్చెన మీద కూర్చుని నీతో దెబ్బలాడాను, తెలుసా? పైకే. దారినపోయేవాళ్ళు చూశారు. చూడనీ. ఆ గోడ మీద కూడా నీ కాడలు సన్నమే అన్నయ్యా, ఒప్పుకో. బస్సులోంచి చూస్తే కనపడేవి కావు. దగ్గరగా నిలబడి గీసేవాడివి, దగ్గరగానే చూసేవాడివి.

కాడలు రెండూ చెరిపేశాను. బొటనవేలంత లావున నల్లగా, కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం చేసి మళ్ళీ వేశాను. ఒకటి కాస్త ముందుకి వంచాను. రోడ్డు అవతల నుంచి చూస్తే... వాడు నా వైపే చూస్తున్నాడు. ఎవడ్రా నాకు మూతి పెట్టింది అన్నట్టు.

ఓనరూ మార్చాడు, నేనూ మార్చాను, తేడా ఏంటంటావా? అతను ఆ కళ్ళని నమ్మక మూతి పెట్టాడు. నేను ఆ కళ్ళు నిలబడాలని కాడలు లావు చేశాను. నాకు ఆ తేడా చాలు. నీకు చాలదా?

సోమవారం సూరిబాబు గారు వచ్చి రోడ్డు మీదే నిలబడి చూశారు. బాగుందనలేదు. షట్టరు పైకి లేపారు. మళ్ళీ దింపారు. కాళ్ళు వచ్చాయి, డెక్క వచ్చింది, అన్నిటికంటే ఆఖరున కళ్ళు వచ్చాయి. మళ్ళీ లేపి, మళ్ళీ దింపారు. కొట్టుకొచ్చిన రైతులు మేత సంగతి మరిచిపోయి చూస్తున్నారు. "పైనున్న ఫ్లెక్సీ ఉంటాదమ్మా, అదీ చేయించుకున్నదే కదా. మిగతా షట్టర్లకి ఎప్పుడొస్తావు?" అన్నారు.

ఫ్లెక్సీ ఉంది. ఇంకా ఉంది. పైన పళ్ళవాడు, కింద మనవాడు. ఓనరు గారు ఆ పళ్ళవాణ్ణి ఇంకో ఇద్దరికి కూడా అమ్మారని విన్నాను. అమ్ముకోనీ. నేను ఆపలేను. మిషను గంటలో పది తీస్తుంది, నేను రోజుకి ఒకటి వేస్తాను. అయినా రోజుకి ఒకటి వేస్తాను. వానొచ్చినా, అమ్మ అరిచినా, ఎవడు నవ్వినా. ఏ ఊళ్ళో షట్టరు దొరికితే ఆ ఊళ్ళో వేస్తాను. కింద మూల "శీను, దుర్గ" అని రాస్తున్నాను. నీ పేరు ముందే ఉంది, అలగకు.

కాడలు మాత్రం లావుగానే ఉంటాయి. తిట్టుకుంటావో, మూతి ముడుచుకుంటావో నీ ఇష్టం. నచ్చకపోతే వచ్చి చెరిపి నువ్వు గీసి చూపించు. నిచ్చెన నేను పట్టుకుంటాను.

దుర్గ