పాత గ్రాఫిక్స్ కార్డులో హెన్రీ

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్
జూన్ 20

చిరంజీవి ప్రదీప్‌కి జగ్గారావు మావయ్య దీవించి రాయునది,

ఖరిదాలో నీ కంప్యూటర్ షాపు మా ఇంటికి సైకిలు మీద పది నిమిషాలే. అయినా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో చేసిన ఫిర్యాదుకి ఇన్‌వర్డ్ నంబరు పడదు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి నేను గట్టిగా నేర్చుకున్నది అదొక్కటే.

నాతోపాటు పనిచేసి జనవరిలో పోయిన హెన్రీ కంప్యూటర్‌ని ఆయన భార్య సూసన్నమ్మ నాకిచ్చింది కదా. అందులో పాత గ్రాఫిక్స్ కార్డు తీసి నువ్వు కొత్తది పెట్టావు. రైలు నడిపే ఆట మీద రెండింటికీ తేడా చూశాను. పాతది సెకనుకి పద్నాలుగు బొమ్మలు గీసేది, కొత్తది తొంభై గీస్తోంది. పాతదాని ఫ్యాను మా వర్క్‌షాపులో లేతు మిషనులా అరిచేది, కొత్తదానికి ఫ్యాను ఉందో లేదో తెలియడం లేదు. పాతదాంట్లో కాస్త దూరం దాటితే అంతా పొగమంచే. కొత్తదాంట్లో పట్టాల మధ్య కంకర కూడా స్పష్టంగా కనిపిస్తోంది. నీ పని బాగుంది.

ఒక్కటే లోపం. మూడో స్టేషను ప్లాట్‌ఫారం చివర పచ్చదీపం పట్టుకుని ఒకాయన నిలబడేవాడు. కొత్త కార్డులో ఆయన లేడు. ఆయన్ని వెంటనే తిరిగి పెట్టవలెను.

ఇట్లు,
జగ్గారావు

తా.క. కొత్త కార్డులో ఎండ చూసి మీ గంగాభవాని అత్త అప్పడాలు ఆరబెట్టడానికి మేడెక్కింది. బయట వాన.


ఖరిదా
జూన్ 24

పూజ్యులు జగ్గారావు మావయ్యగారికి ప్రదీప్ నమస్కారాలు.

ఆ ఆటలో దీపం పట్టుకున్న మనిషి లేడు. తయారుచేసినవాళ్లు పెట్టలేదు. మీ పాత కార్డు మెమరీ పాడైంది. వేడెక్కితే ఏమీ లేనిచోట రంగు మచ్చలు గీస్తుంది. మీరు చూసింది ఒక ఆకుపచ్చ మచ్చ. కొత్త కార్డు ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది, పాపం దాని తప్పేమీ లేదు.

పాతది మా తుక్కు పెట్టెలో ఉంది. శనివారం తుక్కువాడు పట్టుకెళ్తాడు.

మీ
ప్రదీప్

తా.క. దయచేసి ఫోను చెయ్యండి మావయ్యా. నేనేదో కోర్టు కేసులో ఇరుక్కున్నాననుకుని పోస్ట్‌మ్యాన్ దాదా ఉత్తరం ఇచ్చేటప్పుడు భుజం తట్టి వెళ్తున్నాడు.


సుభాష్‌పల్లి
జూన్ 27

ప్రదీప్‌కి,

ఆకుపచ్చ మచ్చ దీపాన్ని ఎడమచేత్తో పట్టుకుంటుందా? హెన్రీ కుడిచేతి వేళ్లు రెండు మిషనులో పోయాయి. ఏది పట్టుకున్నా ఎడమచేత్తోనే. నా బండి దగ్గరికొచ్చేసరికి దీపం ఒకసారి పైకెత్తి దించేవాడు. వెళ్లిపో అని. రోజూ సాయంత్రం టీ తాగి, ఆ స్టేషను దాకా నడిపి, ఆయన్ని చూసి కంప్యూటర్ కట్టేసేవాణ్ని. సమాధి చేశాక ఆయన నాకు కనబడే చోటు అదొక్కటే. ఆ కార్డు తుక్కులోకి పోతే హెన్రీ రెండోసారి పోయినట్టే.

కాబట్టి వర్క్‌షాపు రూలు ప్రకారం అడుగుతున్నాను. పాత సామాను తుక్కులో వేసే ముందు, దాన్నీ కొత్తదాన్నీ ఒకే లోడు మీద పక్కపక్కన నడిపించి, చూసినవాడు సంతకం పెట్టాలి. నువ్వు పెట్టు. నా పేరుతో ఉన్న ఆట ఫైలు పెన్‌డ్రైవులో జతచేశాను.

ఇట్లు,
జగ్గారావు

తా.క. రేపే శనివారం కనుక దీన్ని పోస్టులో వెయ్యకుండా నేనే వచ్చి నీ షట్టర్ కిందనుంచి తోస్తున్నాను. లోపల నీ కాళ్లు కనిపించాయి. పలకరించలేదు. ఇది కాగితం మీద ఉన్న వ్యవహారం.


ఖరిదా
జూన్ 30

మావయ్యగారికి,

ఈ గొడవ వదిలించుకుందామని నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి రెండు కార్డులూ నడిపాను. కొత్తది తొంభై బొమ్మలు, అరవై రెండు డిగ్రీల వేడి, మూడో స్టేషను ఖాళీ. పాతది పద్నాలుగు బొమ్మలు, ఎనభై నాలుగు డిగ్రీలు. మనిషి ఉన్నాడు.

మచ్చ కాదు. ఎడమచెయ్యి. నేను తప్పు రాశాను, క్షమించండి.

మీకు పచ్చదీపం చూపించేవాడన్నారు. నిన్న ఎర్రది చూపించాడు. నేను బ్రేకు వెయ్యలేదు, రైలు దానంతటదే ఆగింది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది అంతే మావయ్యా, రైలు ఆపలేదు. ఆగాక ఆయన పక్కకి జరిగి వెనకాల బెంచీ చూపించాడు. బెంచీ మీద చోటు ఆపి ఒక చేతిరుమాలు పరిచి ఉంది. నీలం గళ్లది, మూలన నిప్పురవ్వ పడ్డ చిల్లు. అంత చిన్న చిల్లు గీసే శక్తి ఆ కార్డుకి లేదు. కొత్తదానికే కష్టం.

సంతకం పెట్టాను. కార్డు తుక్కువాడికి ఇవ్వలేదు. వచ్చి తీసుకెళ్లండి, వీలైతే ఇవాళే.

ప్రదీప్

తా.క. మా షాపులో రిపేర్లు చేసే తవిటయ్య ఆ ప్లగ్గు పీకేసి, తర్వాత ప్లగ్గుకి దండం పెట్టాడు. "ఏటి బాబూ ఇది, లోపల మనిషున్నాడని ముందే సెప్పొద్దా" అని నన్నే తిడుతున్నాడు.


సుభాష్‌పల్లి
జూలై 2

నాయనా ప్రదీప్,

కార్డు నేను తీసుకోను. నీ దగ్గరే ఉండనీ.

ఎర్రదీపం నీకు కాదు. ఫైలు నా పేరుది, కాబట్టి బండి నాది. ఇరవై రెండేళ్లు ఆదివారం మాట్నీకి హెన్రీ, నేను మిడ్నాపూర్ లోకల్లో వెళ్లేవాళ్లం. ఆయన పొడుగుమనిషి. నా చేతిరుమాలు లాక్కుని, ముందే ఎక్కి, కిటికీ పక్కన పరిచేసేవాడు. "నిమ్మళంగా రారా జగ్గూ, నీ సీటు ఎక్కడికి పోద్ది" అని కేకేసేవాడు.

భయం వేసింది, చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆర్నెల్లు హెన్రీని చూడాలని ఏడ్చాను. ఆయన రమ్మనేసరికి ఆగస్టులో మనవరాలి అన్నప్రాసన గుర్తొచ్చింది, మేడ మీద తడిసిన అప్పడాలు కూడా గుర్తొచ్చాయి. కొత్త కార్డే ఉంచుకుంటాను. అందులో ఎండ బాగుంటుంది. అందులోనైతే బెంచీ మీద నాకోసం ఎవరూ చోటు ఆపి ఉంచరు.

ఒక్క సాయం చెయ్యి. పాతదాన్ని ఇంకొక్కసారి నడిపి, మూడో స్టేషను దగ్గర హారన్ రెండుసార్లు కొట్టు. తర్వాతి బండికి వస్తానని ఆయనకి తెలుస్తుంది. ఆపైన తవిటయ్యని ప్లగ్గు పీకెయ్యమను.

నీ మావయ్య,
జగ్గారావు

తా.క. ఆ నీలం గళ్ల రుమాలు నాదే. ఆ చిల్లు వెల్డింగు రవ్వ పడి అయింది. జనవరిలో శవపెట్టె మూసే ముందు సూసన్నమ్మ చూడకుండా దాన్ని హెన్రీ ఎడమచేతిలో పెట్టాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పెడుతూ, "నాకు సీటు ఆపుంచు" అన్నాను. ఊరికే, మాటవరసకి అన్నాను ప్రదీప్.