గోరంత నలుపు

అమ్మా,

నీ కూతురి నమస్కారాలు. ఇక్కడ మనుషులం అందరం క్షేమమే. మనుషులం అని విడిగా ఎందుకు రాశానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ముందు కుర్చీలో కూర్చో, కళ్ళజోడు తుడుచుకో. అంతకంటే ముందు ఒక్క మాట. కిటికీలో ఉన్న ఆ కుండీ మీద చెయ్యి వెయ్యకు.

ఉత్తరం నీ అల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. ఎదురింటి టైలరమ్మ ఫోన్ పట్టుకుని నీ చెవిలో అరవాలి, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఈయన్నే చెప్పమందామా అంటే సగం మింగేసి, మిగతా సగం "అంతా మంచికేలే అత్తయ్యా" అనేస్తాడు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు. ఈయన నడుం నొప్పి తగ్గింది, బరువెత్తమంటే మాత్రం మళ్ళీ వస్తోంది. నేను తింటూనే ఉన్నాను, నిద్రే సరిగ్గా పట్టడం లేదు. ఆ కుండీలో నాటిన కొమ్మకి వేళ్ళొచ్చాయో లేదో పీకి చూడనా అని అడిగావు. వద్దు. చిన్నప్పుడు నేను చిక్కుడు గింజ పాతి రోజూ తవ్వి చూస్తుంటే నా వీపు మీద ఒక్కటిచ్చినదానివి నువ్వే. టైలరమ్మ చిటికెడు కొమ్మ అడుగుతోందన్నావు. ఇవ్వకు. నీ చేతికి ఎముక లేదని వీధంతటికీ తెలుసు. ఈ ఒక్కసారికీ ఉందనుకో.

ఆ చెట్టు పేరేమిటని కూడా అడిగావు. బోర్డు మీద రాసిన పేరు పలకబోతే నాలుక మడత పడుతుంది. నేను పనిచేసే తోటలో అందరం ముసలమ్మ అంటాం. అది పుట్టిన కొండని కంకర కోసం తవ్వేశారు. అక్కణ్ణించి తెచ్చిన వాటిలో ఈ ఒక్కటే మా గాజు గదిలో మిగిలింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పూస్తుంది గానీ జోడు లేదు కనక కాయదు. కాస్త బలం పుంజుకున్నాక కొమ్మలు నాటి చూద్దామని ఆఫీసరు గారు ఆగారు. అందాకా ఆకు కూడా తెంపకూడదని రూలు. చూడ్డానికొచ్చే జనాన్ని ఆ గదిలోకి రానివ్వం. నిన్ను తీసుకెళ్ళింది నేనే. తాళం నా దగ్గర ఉంటుంది, మా అమ్మే కదా అనుకున్నాను.

నువ్వు ఊరెళ్ళిన కొన్నాళ్ళకి ముసలమ్మ పై కొమ్మ చివర నల్లబడింది. గోరంత. తేమ ఎక్కువైందేమో అనుకున్నాను. మర్నాటికి ఇంకో గోరంత కిందికి దిగింది. పాడైన మేరకు కోశాం, మందు పూశాం, కిటికీలు తెరిచి గాలి మార్చాం. కోసిన చోటు నుంచి మళ్ళీ దిగింది. పొద్దున్నే తాళం తీసి, తలుపు బయటే కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, అప్పుడు తోసేదాన్ని. ఇప్పుడు నలుపు మొదలు దాకా వచ్చేసింది. ఆకులన్నీ రాలిపోయాయి. చెట్టులా నిలబడి ఉందంతే.

మొదట కోసిన ముక్కని ఆఫీసరు గారు భూతద్దం కింద పెట్టి మమ్మల్నందరినీ పిలిచారు.

"ఇది కత్తి కోత కాదు. ఎవరో గోటితో గిల్లారు. చీడ ఇక్కణ్ణించే దిగిందేమో."

"ఏమో ఏంటి సార్, అంతే అయ్యుంటుంది," అన్నాడు మందుల గది చూసే ఆయన.

"అలా అనలేం. ముందే లోపలుండి, ఇక్కడ బయటపడి ఉండొచ్చు. ఆ గిల్లిన ముక్క దొరికితే గానీ తేలదు."

అందరూ ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకున్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నా గోళ్ళు కాదని తెలిసీ పెట్టుకున్నాను. అప్పటినుంచీ ఎవరు పేరు పెట్టి పిలిచినా ఉలిక్కిపడుతున్నాను. అప్పుడే నోరు విప్పి ఉంటే కొమ్మ సంగతి ఆ రోజే చూసుకునేవాళ్ళం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

"నువ్వు అటు తిరిగినప్పుడు గిల్లి చేతిసంచీలో వేసుకున్నా, దొంగిలించిన మొక్కే బాగా బతుకుతుంది," అని గొప్పగా రాశావు. నీ ఉత్తరం వల్లే ఆ సంగతి నాకు తెలిసిందనుకుంటున్నావు కదూ. కాదమ్మా. నువ్వనుకున్నట్టు నేను చూడకుండా తిరగలేదు. చూసే తిరిగాను. నీ చెయ్యి గాజు గోడలో కనపడుతూనే ఉంది. నాన్న పోయాక నువ్వు మట్టి ముట్టుకోలేదు. వచ్చినప్పుడల్లా వరండాలో ఎండిపోయిన కుండీలు ఒక్కొక్కటీ బయట పడేసింది నేనే. అలాంటిది నీ చెయ్యి దానంతటదే ఆ చిగురు వైపు వెళ్తుంటే నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నీళ్ళ పంపు కట్టే నెపంతో వీపు తిప్పేశాను. ఆ చెట్టుని కాపాడ్డమే నా ఉద్యోగం, అయినా తిప్పేశాను.

ఇప్పుడు విను. నీ కుండీలో కొమ్మ పచ్చగా ఉంటే, నువ్వు గిల్లేనాటికి ముసలమ్మ ఆరోగ్యంగా ఉందన్నమాట, చీడ నీ గోటి గాటులోంచే దిగిందన్నమాట. నల్లబడి ఉంటే చీడ ముందే ఉంది, నీ తప్పేమీ లేదు. కానీ అప్పుడు ఆ జాతే ఇక లేదు. నువ్వు ఉత్తరం రాసేనాటికి రెండాకులు వేసిందన్నావు. ఇవాళ ఎలా ఉందో నాకు తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం తెలిస్తే నువ్వు మళ్ళీ మట్టి జోలికి పోవేమోనని నా భయం. ఆ భయంతోనే నిన్నటిదాకా కొమ్మ నల్లబడి ఉంటే బాగుండునని కోరుకున్నాను. అలా కోరుకోగలిగానని తెలిసి నన్ను చూస్తే నాకే భయం వేసింది.

ఈయన బస్సెక్కగానే ఆఫీసరు గారి గదికి వెళ్తాను. తాళం తీసింది నేను, చూసి ఊరుకున్నది నేను అని చెప్తాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. రేపు సాయంత్రానికి ఆఫీసరు గారిని వెంటబెట్టుకుని వస్తాను. అందాకా కుండీని కిటికీలోంచి కదపకు, నీళ్ళు పొయ్యకు. కాండం మట్టిలోకి దిగే చోట వంగి చూడు. ఏ రంగులో ఉన్నా నా దగ్గర దాచకు.

ఇవాళ పొద్దున ఆ మోడు ముందు నిలబడి నా కోరిక మార్చుకున్నాను. పచ్చగానే ఉండాలి. తప్పు మనిద్దరిదే అయినా సరే, పచ్చగానే ఉండాలి. ఉంటే దాన్ని పెంచడానికి నీ చెయ్యి కావాలి. భయమేసి వెనక్కి తీసుకుంటానంటే నేను ఒప్పుకోను.

ఇట్లు,
నువ్వు గిల్లుతుంటే చూసి వీపు తిప్పిన
నీ కూతురు