సముద్రపు ఒడ్డున రాట్నం ఎక్కే నా కొడుకు

తమ్ముడు నర్సయ్యకు అక్క రాజవ్వ దీవెనలు. నీ ఒంట్లో ఎట్లా ఉంది? మరదలి మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ భివండిలో మేం బాగానే ఉన్నాం, పిల్లలు బడికి పోతున్నారు. ఎండ మాత్రం రేకుల మీంచి నెత్తిన కుంపటి పెట్టినట్టుంది. ఈ ఉత్తరం రాస్తున్నది నీ బిడ్డ పద్మ. నాకు అక్షరం రాదు కాబట్టి రాసిన ప్రతి మాటా తిరిగి చదివించుకుంటున్నాను. ఫోన్ చెయ్యవచ్చు కదా అంటావేమో. మరమగ్గాల సాంచల చప్పుడుకు నీ చెవులూ నా చెవులూ పోయాయి. ఫోన్లో అరిస్తే నీకు వినబడదు గానీ గోడ అవతల అందరికీ వినబడుతుంది. ఇది నలుగురికీ తెలియవలసిన సంగతి కాదు.

సంగతి నా కొడుకు, నీ అల్లుడు శంకర్‌ది. నాకు భయంగా ఉంది తమ్ముడూ. మన మగ్గాల షెడ్డు సేటు సాంచలన్నీ పాత ఇనుముకు అమ్మేశాక, శంకర్ కాల్హేర్‌లో గోదాము పనికి పోయాడు. వెనక్కి వచ్చే లారీని చూసి తప్పుకోమని అందరూ కేకలేసినా కదలలేదట. మరునాడే పనికి రావద్దన్నారు. మాతో మాత్రం ఆ పని నచ్చలేదన్నాడు. వాడి చెవులూ మనలాగే అయ్యాయని నాకూ పద్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు సముద్రం చూడవచ్చే జనానికి ఆటలు పెట్టే ఒకాయన దగ్గర చేరాడు. మొన్న ఆదివారం నేను పట్టుబట్టి పద్మతో పోయాను. భివండి రోడ్ స్టేషన్‌లో రైలెక్కి వసయిలో దిగి, ఆటోలో ఒడ్డుకు చేరాం. రంగు దీపాల గుర్రపు బండి, తుపాకీతో బుడగలు పేల్చే బల్ల, ఐసు గోలాలు, ఒంటె మీద ఫొటోలు, జాతరే అనుకో. నాకు సముద్రం కూడా నచ్చలేదు. ఊరికే మీదికొచ్చి పోతుంది.

మధ్యలో నిలువుగా తిరిగే పెద్ద రాట్నం. దానికి మోటారు లేదు. మనుషులే పైకెక్కి, కడ్డీ పట్టుకుని వేలాడి, ఒంటి బరువుతో దాన్ని కిందికి లాగుతారు. జనం ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. తలెత్తి చూస్తే పైన వేలాడుతున్నది నా కొడుకు. పద్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి.

రాట్నం ఆగింది, జనం దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు. చంకలో పసిపిల్లతో ఒక తల్లి ఒక కాలు తొట్టిలో, ఒక కాలు నేల మీద పెట్టి ఉంది. కింద ఉన్నవాడు ఆగమని నోరంతా తెరిచి అరిచాడు. పైనున్న శంకర్‌కు వినబడలేదు. రాట్నాన్ని కిందికి లాగడానికి కడ్డీ అందుకుంటున్నాడు. నేను జనాన్ని తోసుకుని ముందుకుపోయి, రెండు వేళ్లు కత్తెరలా పైకెత్తాను. షెడ్డులో పోగు తెగితే సాంచ ఆపమని మనం చేసే సైగ నీకు చెప్పాలా? ఆ చప్పుడులో పనిచేసినవాడి చూపు ఎప్పుడూ ఎదుటివాళ్ల చేతుల మీదే ఉంటుంది. శంకర్ కాళ్లు దూలానికి తన్నిపెట్టి ఆగిపోయాడు. ఆ తల్లి నవ్వుకుంటూ ఎక్కి కూర్చుంది. ఏమి తప్పిందో ఆమెకు తెలియదు.

దిగివచ్చి నన్ను పక్కకు లాగాడు. "ఎందుకొచ్చినవే అవ్వా?"

"నీకు ఇనబడుతలేదని ఆళ్లకు ఎరుకనా?"

నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "ఎరుకైతే తీసేస్తరు. నువ్వు నోరు మూసుకో."

"నేను మూసుకున్నా తెర్సినా నీకొక్కటేనాయె."

వాడికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. "ఒక్క సీజనే అవ్వా. ఆళ్ల చేతులు చూసుకుంటనే ఉంటగద," అన్నాడు.

"ఆళ్లు నోటితోని అరుస్తరు బిడ్డా, చేతులు ఊపరు. ఆళ్లేం సాంచలోళ్లా?"

మళ్లీ రాట్నం ఎక్కాడు.

వచ్చే అమావాస్య దాటితే రాట్నాన్ని విప్పి లారీకెత్తి అలీబాగ్, రత్నగిరి, గోవా, ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ తిరుగుతారట. అక్కడ కింద నేనుండను. వాడు పడ్డా భయమే, వాడి వల్ల ఒక పసిదానికి ఏమైనా అయినా భయమే. అన్నం గొంతు దిగడం లేదు. పద్మ దిగుతోందంటుంది, నమ్మకు.

నువ్వు వాడికి మేనమామవు, పిల్లనిచ్చినవాడివి. నా మాట వినడు గానీ నీ ముందు తలెత్తడు. నీ కొడుకు గుడ్డ మడతపెట్టే చోట వాడికి పని చూపించు. మడతకు చెవులక్కర్లేదు. కబురు పంపితే రాడు, నువ్వే వచ్చి తీసుకుపో. వచ్చేటప్పుడు కొంచెం కొత్త చింతపండు తీసుకురా.

నువ్వు రాకముందే వాళ్లు బయలుదేరేటట్టుంటే, నేనే పోయి వీడికి చెవులు వినబడవని రాట్నం ఆయనకు చెప్పేస్తాను. కొడుకు నా మొహం చూడడు. చూడకున్నా బతికి ఉంటాడు. ఈ మాట రాయనని పద్మ కలం పక్కన పెట్టింది. రాయమన్నాను.

పెద్దవదినకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ ఇల్లు చల్లగా ఉండాలి.

వేలిముద్ర వేసింది,
నీ అక్క రాజవ్వ

బాపూ, అత్తమ్మ చెప్పింది చెప్పినట్టు రాసిన. ఆమె అన్నంత పని చేస్తది. ఆయన పానమూ నిలవాలె, తల్లీకొడుకుల మాటా నిలవాలె. ఉత్తరం అందిన పొద్దే బయలెల్లు.
పద్మ