నూనె పెట్టానన్నాను

ఏప్రిల్ 9, బుధవారం

కారు ఇన్‌స్పెక్షన్ తప్పింది. పరీక్ష చేసే మనిషి ముందు బంపర్ మీద రెండు చేతులూ వేసి ఒక్కసారి నొక్కి వదిలాడు. నాలుగు సార్లు ఉయ్యాలలూగింది. ముందు చక్రాల కుదుపు ఆపే స్ట్రట్లు రెండూ పోయాయమ్మా, లోపలి ఆయిలంతా కారిపోయింది, కొత్తవి వేయించుకుని రా, అప్పుడిస్తాను స్టిక్కర్ అన్నాడు. ఇరవై ఏళ్ళ కారు, మంచు కరిగితే మోకాలి లోతు గుంటలు పడే మా రోడ్డు. ఇంకేం మిగులుతుంది! పాత స్టిక్కర్ ఈ నెలాఖరు వరకే, అది లేకుండా కారు రోడ్డెక్కకూడదు. ఆ తర్వాత నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటింటికి పద్దెనిమిది మైళ్ళు నేను నడిచి వెళ్ళాలి.

తమ్ముడికి ఫోన్ చేశాను. షాపులో ఇస్తాను అన్నానో లేదో రేనో విరుచుకుపడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఈ బంగాళాదుంపల పొలాల్లో ట్రాక్టర్లన్నీ నేనే బాగుచేస్తున్నాను, మా అక్క కారు షాపులో ఉందంటే నలుగురూ నా ముఖాన నవ్వరా అన్నాడు. శనివారం వస్తాడట. ఏ శనివారమో కూడా అడుగు వదినా అని వెనక నుంచి వాడి పెళ్ళాం జినెట్ అరిచింది. మొగుడి సంగతి దానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

రేనోకి కావలసిన స్ప్రింగు క్లాంపులు మా షెడ్డులోనే దొరికాయి. రెండు పొడుగాటి మర కడ్డీలు, ఒక్కో దానికి రెండేసి కొక్కేలు. స్ట్రట్ చుట్టూ ఉండే స్ప్రింగుకి చెరో పక్కన తగిలించి నట్లు తిప్పుతూ పోతే స్ప్రింగు అణుగుతుంది. ఈ రోడ్డు మొత్తానికి ఒకటే జత. పక్కింటి ఒనెసీమ్ ఎప్పుడో కొన్నాడు. ఆ తర్వాత వాటికి సొంత ఇల్లు లేదు, ఆఖరున ఎవరు వాడితే వాళ్ళింట్లోనే ఉంటాయి.

నల్లటి గ్రీజు, దాని మీద దుమ్ము, దాని మీద గడ్డి పరకలు. చూడలేకపోయాను. నా ఇంట్లోంచి ఏ వస్తువూ మురికిగా బయటికి పోదు. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, వంటసోడా, వైరు బ్రష్షు. రెండు గంటలు తోమాను. వెండి చెంచాల్లా మెరుస్తున్నాయి.

ఏప్రిల్ 12, శనివారం, సాయంత్రం 6

గరాజ్ తలుపు మూసి వచ్చి రాస్తున్నాను.

రేనో ఎనిమిదింటికల్లా వచ్చాడు. క్లాంపులు చూసి నవ్వాడు. ఏమిటక్కా, వీటికి పెళ్ళి సంబంధం చూస్తున్నావా అన్నాడు. కారు కిందికి దూరాక అక్కడి నుంచే అడిగాడు, తోమావు సరే, మళ్ళీ నూనె పెట్టావా అని. పెట్టాను అన్నాను.

పెట్టలేదు. సగం పని చేసి వదిలేశానని వాడి ముందు ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది, అంతే. అంత చిన్న కారణం. అంత శుభ్రంగా ఉన్నదానికి మళ్ళీ జిడ్డెందుకు అని కూడా లోలోపల అనుకున్నాను.

మొదట అంతా సాఫీగా సాగింది. ఎడమ చక్రం తీశాడు, స్ట్రట్ బయటికి లాగాడు. స్ప్రింగుని క్లాంపులతో అణిచి, పై నట్టు విప్పి, పాత స్ట్రట్ తీసేసి కొత్తది దూర్చాడు. ఒక అంగుళం తక్కువైంది. స్ప్రింగు ఇంకొక్క అంగుళం అణిగితే గాని పై నట్టు అందదు. గాలి గన్ను పెట్టి కుడి కడ్డీ నట్టు బిగించాడు. అది కీచుమని అరిచింది. సన్నగా పొగ లేచింది. పట్టేసింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

రేనో గన్ను వదిలేసి, నా స్వెట్టరు పట్టుకుని వాకిట్లో బురదలోకి ఈడ్చేశాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కదలకు అన్నాడు. ఆ స్ప్రింగు ఇప్పుడు పది మంది మగాళ్ళ బలం బిగపట్టుకుని కూర్చుందట. ఎడమ కడ్డీ ఒక్కటే వదులు చేస్తే వంకర తిరిగి ఎగురుతుందట. ఎటు ఎగురుతుందో దాని ఇష్టం.

తర్వాత వాడొక్కడే లోపలికి వెళ్ళాడు. కొత్త స్ట్రట్‌ని మెల్లిగా బయటికి జార్చి, పసిబిడ్డను ఎత్తినట్టు స్ప్రింగుని ఎత్తి మూలన పెట్టాడు. నాన్న కాలం నాటి దుంపల పీపాలు మూడు అడ్డంగా దొర్లించి ఇసుక పోశాడు. 

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చర్చిలో ఇచ్చిన మట్ట ప్రతి ఏడూ శిలువ వెనక పెడతాను. ఈ ఏడు గరాజ్ తలుపుకి గుచ్చాను.

ఏప్రిల్ 14, సోమవారం

ఊళ్ళో విడిభాగాల షాపువాళ్ళు క్లాంపులు అరువిస్తారు. రెండో జత తగిలిస్తే బరువంతా అది మోస్తుంది, పట్టేసిన దాన్ని హాయిగా తీయొచ్చు. కానీ అక్కడున్న రెండు జతలూ ఎవరో పట్టుకుపోయారు. ఈస్టర్ దాటాకే వస్తాయట. అంతవరకు ఆగుదాంరా అన్నాను రేనోతో. అది నీ ఇంట్లో ఉండగా నాకు నిద్ర పడుతుందా అక్కా అన్నాడు. శనివారం సెలవు, గొలుసు చుట్టి, ఇనుము కోసే గ్రైండర్‌తో కడ్డీ కోసేస్తాను అన్నాడు. గొలుసు ఆపుతుందా అంటే ఆపాలి మరి అన్నాడు.

ఒనెసీమ్ కర్ర ఊనుకుంటూ వచ్చాడు. ఎనభై మూడేళ్ళు, గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు. ఇలా కోయబోయి దవడ ఊడగొట్టుకున్నవాణ్ణి ఎరుగుదునురా, బతికినన్నాళ్ళూ గొట్టంతో సూపు తాగాడు అన్నాడు. నా క్లాంపులు ముప్పై ఏళ్ళలో ఎన్నడూ పట్టెయ్యలేదు అన్నాడు. తర్వాత వాటి మెరుపు చూసి, ఇవి పొడిగా ఉన్నాయా ఏమిటి అని అడిగాడు. పొడి ఇనుము పట్టేస్తే ఆశ ఉందట. మూడు రోజులు నూనెలో నాననిచ్చి, చేతి పానాతో వెంట్రుకవాసి చొప్పున కదుపుతూ వస్తే వదులుతుందట. నూనె ఉండీ పట్టేసిందంటే మాత్రం మర నలిగిపోయినట్టే. తిప్పితే విరుగుతుంది.

అక్క నూనె పెట్టింది బాబాయ్ అన్నాడు రేనో. అడిగే చేశాను అన్నాడు.

నేను అక్కడే నించున్నాను. ఒనెసీమ్ నావైపు చూశాడు. నేను కాఫీ పెడతానని లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 15, మంగళవారం

జినెట్ నన్ను పనికి దింపింది. దారిలో అంతా రేనో గురించే. అన్నం సరిగ్గా తినడం లేదట. తప్పు నాదే, గన్ను ఎక్కువ నొక్కాను, చేతి కింద ఇనుము ఎప్పుడు అరవబోతుందో నాకు ముందే తెలిసేది, ఇప్పుడు తెలియడం లేదు అంటున్నాడట. వయసైపోయిందేమో వదినా, ముసలాడైపోతున్నాడు అని నవ్వబోయింది. నవ్వు రాలేదు దానికి.

చెప్పెయ్యొచ్చు. అక్కడే, కారులోనే. నోటి దాకా వచ్చింది. వృద్ధాశ్రమం వచ్చేసింది, దిగిపోయాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. చెబితే వాడు నా ముఖం చూడడు. చెప్పకపోతే వాడికి చూడ్డానికి ముఖమే ఉండకపోవచ్చు.

ఏప్రిల్ 16, బుధవారం

చెప్పడానికి ధైర్యం లేదు గాని, నూనె పెట్టడానికి తెచ్చుకున్నాను. పోయిన మా ఆయన మంచు బండి హెల్మెట్ పెట్టుకున్నాను. రొట్టెలు కోసే చెక్క గుండెకి కట్టుకున్నాను. పొడుగు ముక్కు నూనె డబ్బా పట్టుకుని పీపాల మధ్య నుంచి చెయ్యి చాచాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనేవాళ్ళు. నట్టు మీద ఆరు చుక్కలు పడ్డాయి. ఏడో చుక్కకి టిక్కుమంది.

పరిగెత్తాను. గుమ్మం ముందు బురదలో బోర్లా పడ్డాను. ఏమీ జరగలేదు. చల్లటి ఇనుము అలా శబ్దం చేస్తుందేమో. 

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నూనె పెట్టాను. చెక్క ఇవాళ కూడా కట్టుకున్నాను.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

అమ్మ ఉన్నప్పుడు ఈ రోజు మేకు కూడా కొట్టనిచ్చేది కాదు. నేను మళ్ళీ నూనె పెట్టాను. క్షమించాలి.

చర్చిలో ఫాదర్‌కి మొత్తం చెప్పుకున్నాను. దేవుడు క్షమిస్తాడమ్మా, కానీ రేపు గ్రైండర్ పట్టుకునేది మీ తమ్ముడు, ఆ మాట వెళ్ళి అతనికి చెప్పు అన్నాడు. దేవుడికి చెప్పడం తేలికే. ఆయన నన్ను అక్కా అని పిలవడు.

ఇంటికి వచ్చి రెండు సార్లు ఫోన్ తీశాను. రెండు సార్లూ పెట్టేశాను.

ఏప్రిల్ 19, శనివారం, ఉదయం 7.40

వాడి ట్రక్కు వచ్చింది. గ్రైండర్ దించుతున్నాడు. గొలుసు. ముఖానికి కట్టుకునే అద్దం. వెళ్తున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 1

బతికే ఉన్నాడు. ముందు అది రాసుకోవాలి. పది వేళ్ళూ ఉన్నాయి.

గరాజ్ గుమ్మంలో అడ్డంగా నించుని చెప్పాను. నూనె పెట్టలేదురా, అబద్ధం చెప్పాను, ఒనెసీమ్ అడిగినప్పుడు కూడా నోరు మూసుకున్నాను, మూడు రోజులుగా దొంగచాటుగా నూనె పోస్తున్నాను అని ఒక్క గుక్కలో చెప్పేశాను. రేనో గ్రైండర్ కింద పెట్టాడు. మెట్టు మీద కూర్చున్నాడు.

వారం రోజులక్కా అన్నాడు. వారం రోజులుగా నా చేతులు నేనే చూసుకుంటున్నాను అన్నాడు.

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పద్దెనిమిది. ఇన్నేళ్ళలో వాడు నా మీద ఒక్కసారి కూడా అరవలేదు. ఇవాళైనా అరవాలని కోరుకున్నాను. అరవలేదు. లేచి, స్ప్రింగుకి గొలుసు చుట్టి, ఇంకాస్త నూనె పోసి, పొడుగు పానా తీసుకున్నాడు. నన్ను గోడ అవతలికి పొమ్మన్నాడు.

నేను గోడ అవతల మోకాళ్ళ మీద ఉన్నాను. ప్రార్థనలన్నీ కలగాపులగం అయిపోయాయి. కిర్రుమని వినిపించింది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. కుడి కొంచెం, ఎడమ కొంచెం. చప్పుడు కాస్త ఆగితే రేనో అని పిలిచేదాన్ని. ఊఁ అనేవాడు. ఓసారి అనలేదు. లేచి పరిగెత్తబోయేసరికి అన్నాడు. గంటంబావు పట్టింది. చివరికి స్ప్రింగు ఒట్టి తీగలా నేల మీద దొర్లిన చప్పుడు విని ఏడ్చేశాను.

ఈ క్లాంపులు ఇంక పనికిరావు, ఒనెసీమ్‌కి కొత్తవి కొనివ్వాలి, పండగయ్యాక షాపువి తెచ్చి మిగతా పని చేస్తాను అన్నాడు. కోడికూర, ప్లోయ్ అట్లు చేశానురా, తిని వెళ్ళు అన్నాను. ఆకలి లేదన్నాడు. వాడి చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

ఏప్రిల్ 20, ఈస్టర్

జినెట్ ఒక్కతే వచ్చింది. ఆయనకి తలనొప్పి అంది. ప్రమాదం తప్పింది కదా వదినా, ఇంకా ఎందుకు అలా ఉన్నావు అని నన్నే ఓదార్చింది.

ఏప్రిల్ 23, బుధవారం

జినెట్ ఫోన్. నిన్న పనిలో రేనో ఒక ట్రాక్టరు చక్రం బిగించి, విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పాడట. ఐదుసార్లు. పక్కన పనివాళ్ళు మొదట నవ్వారట, తర్వాత మానేశారట. యజమాని ఇంటికి పంపేశాడు. అంతా చక్కబడింది కదా వదినా, ఇప్పుడెందుకు భయం ఈయనకి, నీతో ఏమైనా చెప్పాడా అని అడిగింది.

నా అబద్ధం సంగతి వాడు పెళ్ళానికి కూడా చెప్పలేదు. అక్క పరువు కాపాడాడు. నేనే చెప్పాను.  జినెట్ ఫోన్ పెట్టేసింది.

ఒక చేత్తో వాడికి తన మీద నమ్మకం పోగొట్టి, ఇంకో చేత్తో నూనె పోశాను. ఆ స్ప్రింగుకంటే ఇప్పుడు ఎక్కువ భయంగా ఉంది. వాడికి ఆ చేతులు తప్ప వేరే చదువు లేదు.

ఏప్రిల్ 26, శనివారం

రేనో వచ్చాడు. షాపు క్లాంపులకి వాడే నూనె పెట్టాడు, రెండుసార్లు. స్ప్రింగుకి తగిలించాడు. పానా నట్టుకి పెట్టాడు. తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. నావల్ల కావడం లేదక్కా అన్నాడు.

పానా నేను తీసుకున్నాను. నువ్వు గోడ అవతలికి వెళ్ళి చప్పుడు విని చుట్లు లెక్కపెట్టరా అన్నాను. వెళ్ళాడు. ఎడమ ఒకటి, కుడి ఒకటి. తొమ్మిది దగ్గర వాడు లెక్క ఆపేశాడు. పది అని నేనే అని, తిప్పుతూనే ఉన్నాను.