మా మేనేజరమ్మకు తొంభై రోజుల సెలవు

సోమవారం, ఉదయం 6:10
మా అమ్మాయి ఇంట్లో ఉంది! పొదుపు సంఘంలో మేనేజరు. పదిహేడేళ్ళుగా నేను చూసింది దాని చెప్పులు వెళ్ళడం, చెప్పులు రావడం. డాక్టరు బీపీ చూసి కళ్ళెర్రజేశాక, సంఘం వాళ్ళే జీతమిచ్చి తొంభై రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు. ఎలా తీసుకోవాలో నాలుగు పేజీల కాగితం కూడా ఇచ్చారు, మహానుభావులు. ఆఫీసు పని ముట్టుకోకూడదట.
నా ప్రతిజ్ఞ: ఇంట్లో ఆఫీసు మాట వినపడదు. దాని ఫోను బీరువాలో, తాళంచెవి నా జేబులో.

9:30
అమ్మాయి ఇంట్లోనే ఉందని పాలకొట్టులో ముగ్గురికి, టైలరు షాపులో ఐదుగురికి చెప్పాను. ఇంత ఆనందం ఒక్కడికి అరుగుతుందా?

మంగళవారం
మధ్యాహ్నం ఇద్దరం కలిసి భోంచేశాం. మెల్లగా తిన్నాను, అయిపోతుందని.

బుధవారం, 10:00
టైలరు వచ్చాడు. అప్పు దరఖాస్తులో సంతకం ఎక్కడ పెట్టాలట. ఆఫీసుకు పొమ్మంటే, "అక్కడున్నాయన నన్నే అడుగుతున్నాడు బాబాయ్" అన్నాడు. నిద్రపోతున్న పిల్లను లేపుతానా? నేనే చూపించాను. గీత కనిపించిన చోటల్లా పెట్టించాను.

గురువారం
గేటు దగ్గర అప్పు దరఖాస్తులతో పదకొండు మంది. బల్ల, కుర్చీ వేశాను. ఇది ఆఫీసు పని కాదు, గేటు పని. ఇంట్లోకి ఒక్క మాట రానిచ్చానా? ప్రతిజ్ఞ భద్రం.

శుక్రవారం, 11:00
టైలరు దరఖాస్తు తిరిగొచ్చింది. హామీదారు గీత మీద కూడా వాడి సంతకమే ఉందట. గోల విని అమ్మాయి బయటికొచ్చింది.
"అప్పు తీసుకునేవాడికి వాడే హామీ ఏమిటి నాన్నా?"
"వాణ్ణి వాడికంటే నమ్మేవాళ్ళెవరమ్మా?"
పడీపడీ నవ్వింది. నవ్వుతూనే నా కుర్చీలో కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. అన్నం నేనొక్కణ్ణే తిన్నాను.

శనివారం
సంఘం నుంచి ఉత్తరం. సెలవులో ఎప్పుడు పని ముట్టుకున్నా అప్పటిదాకా గడిచిన రోజులు లెక్కలోకి రావట. సోమవారం నుంచి మళ్ళీ ఒకటో రోజు. మళ్ళీ మొత్తం తొంభై! అమ్మాయి తల పట్టుకుంది. నేను కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాను. ఎంత కఠినమైన శిక్ష!

ఆదివారం, సాయంత్రం
ప్రతిజ్ఞ, కొత్తది: రేపటి నుంచి ఆఫీసు మాట ఇంట్లోనే కాదు, గేటు దగ్గర కూడా వినపడదు. బల్ల అటకెక్కించాను. ఎనభై తొమ్మిదో రోజు దాకా మా గడప తొక్కొద్దని టైలరుకు గట్టిగా చెప్పాను.
ఆ రోజు మాత్రం ఖాళీ దరఖాస్తు పట్టుకుని తప్పకుండా రమ్మన్నాను.