పూత వాడిందని స్ప్రేయరెత్తిన రోజు

15 సెప్టెంబరు 1986, సోమవారం

నిరుడు పత్తికి మందు కొడుతూ ఆ వాసనకి కళ్లు తిరిగి చేలోనే పడిపోయిన మా ఆయన, వేరుశనగ పూత వాడిందని ఈ పొద్దున మళ్లీ స్ప్రేయర్ భుజానికెత్తారు. మళ్లీ పడిపోతారేమోనని నాకు భయమేసింది. గట్టు మీద గడ్డి కోస్తున్న మరియమ్మ పకపకా నవ్వింది.

"ఇదేమన్నా పత్తా అయ్యా? పువ్వు వాడాకే దాని ఊడ భూమిలోకి దిగి కాయ కాసుద్ది!" అంటూ ఒక మొక్క పీకి చూపించింది.

గుత్తులుగా లేత కాయలు! ఆయన స్ప్రేయర్ దించేసి, ఆ మట్టి కాయనే నోట్లో వేసుకున్నారు. మందు ఖర్చూ లేదు, ఆ పాడు వాసనా లేదు. ఇక సాయంత్రందాకా దారినపోయే ప్రతివాళ్లనీ పిలిచి, "చూడరా!" అంటూ ఒక్కో మొక్క పీకి చూపిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు నా భయమల్లా ఒకటే. అసలు పంట పీకే రోజుకి చేలో ఏమైనా మిగులుతుందా...