సక్రి కాపీ కొట్టలేదు

తొర్రూరు,
మార్చి 2012.

గౌరవనీయులైన సంపాదకులకు,

తండా పాటలపై సక్రి పంపిన వ్యాసం నా వ్యాసానికి నకలా అని మీరు అడిగితే, పోలికలు ఉన్నాయని మాత్రమే రాశాను. ఎవరు ఎవరిది తీసుకున్నారో రాయలేదు.

మీరు నా పేరుతో వేసిన వ్యాసం ఆమెదే. పెద్దవంగర చుట్టుపక్కల తండాల్లో ఏడాదిపాటు తిరిగి ఆ పాటలు సేకరించింది. నేను ఆమె పరిశోధనకు గైడ్‌ను కాబట్టి దిద్దమని ఇచ్చింది. సకల జనుల సమ్మెలో కాలేజీ మూతపడి ఉండగా, దానికి నా పేరు పెట్టి మీకు పంపాను. ఆ రోజుల్లోనే తెలంగాణ సభల్లో మన పాటను దోచుకున్నారని ఉపన్యాసాలిచ్చాను.

మీ పత్రికలో ఆమె రచనలను నిషేధిస్తూ మీరు రాసిన ఉత్తరం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. నా పేరుతో వచ్చిన వ్యాసం సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

"నేను ఎవల్దో కాపీ కొట్టిన్నట సార్. గివి మా తండ అవ్వలు పాడినయని మీకెర్కే గదా. జర మీరే చెప్పున్రి," అని ఏడ్చింది.

"చూస్తాలే," అన్నాను. మూడు వారాలు ఊరుకున్నాను.

దయచేసి నా వ్యాసం రద్దు చేసి, ఆమెది ఆమె పేరుతో వేయండి. ఇకమీదట ఎవరు పాటలు పంపినా, పాడినవాళ్ల పేర్లు అడగండి. అప్పుడు అడిగి ఉంటే నేను ఒక్క పేరూ చెప్పలేకపోయేవాణ్ణి.

నిన్న దంతాలపల్లిలో ఆమె పాఠాలు చెబుతున్న బడికి వెళ్లి, తప్పంతా ఒప్పుకున్నాను. మీకు ఉత్తరం రాస్తానని చెప్పాను.

"రాయున్రి సార్. నేనైతే ఇంక ఏం రాయ," అని తరగతిలోకి వెళ్లిపోయింది.

ఇట్లు,
ఆమెకు గైడ్‌గా ఉన్నవాడు.